మిరియమక్క ఎవరికి ఎక్కువ

అప్పుల్లో చిక్కుకున్నవాళ్లకు మిరియం టీచర్ ప్రతి ఆదివారం చర్చి వెనక గదిలో కూర్చుని పైసా తీసుకోకుండా దారి చూపించేది. బొగ్గుగనిలో పనిచేసే భర్త పోయి దిక్కుతోచని మంగతాయి వెంట బ్యాంకుకు వెళ్లి కిస్తీలు తగ్గేలా చూసిందీ, అక్కడివాళ్లతో మరాఠీలో ఎలా మాట్లాడాలో నేర్పిందీ ఆమే. అంత ప్రేమ తన ఒక్కదానిమీదే అనుకుంది మంగతాయి.

ఆ ఆదివారం తను కూర్చునే కుర్చీలో సాయమ్మ అనే కొత్తామె ఉంది. మిరియం ఆమె చేయి పట్టుకుని, "భయపడకు, నేనున్న" అంటోంది.

"నేనింక రానక్కా. నీకు కొత్తోళ్లు దొరికిండ్రు గదా!" అంది మంగతాయి గుమ్మంలోంచే.

"నీ పని అయిపోయింది గదా మంగా," అంది మిరియం. "రేపు నాకు బడి ఉంది. ఈమెను రాజురా టౌన్ల బ్యాంకుకు నువ్వు తీస్కపోతవా?"

మంగతాయి కాదనలేక వెళ్లింది కానీ, బస్సులో సాయమ్మకు దూరంగా వేరే సీట్లో కూర్చుంది. బ్యాంకులో మేనేజరు సాహెబు మరాఠీలో గట్టిగా అడిగేసరికి సాయమ్మ మంగతాయి వెనక్కి నక్కింది. మంగతాయే ముందుకు జరిగి, ఆమె కష్టమంతా మరాఠీలో విడమరచి చెప్పింది. అప్పు కట్టడానికి మూడు నెలల గడువు దొరికింది.

తిరుగు బస్సులో సాయమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మిరియమక్క దేవత," అంది.

"మాట్లాడింది నేను గదనే!"

సాయమ్మ బిత్తరపోయింది. "అవునక్కా. మళ్లొచ్చేటప్పుడు గూడ నువ్వే రావాలె."

"వస్త," అంది మంగతాయి కిటికీ వైపు తిరిగి. "మిరియమక్కను మాత్రం పిలువకు."