ఊరికే ఉన్న నేల

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ డాక్టరమ్మ అంటారు. డాక్టరేటు ఇంకా రాలేదు, పిలుపు మాత్రం నాలుగేళ్ల ముందే వచ్చేసింది. ఏ నేలను దేనికి వాడితే పది కాలాలపాటు చెడకుండా ఉంటుందో కంప్యూటరు చేత లెక్క కట్టించి, నిర్ణయాలు తీసుకునే పెద్దల చేతికివ్వడం ఆమె పరిశోధన.

అందుకోసం పట్నం శివారు రైతుల్ని ఒక్కొక్కరినే కలిసి, ఈ చేను ఇప్పుడు దేనికి వాడుతున్నారని అడిగింది. సొంత మేనత్తనూ వదల్లేదు. అత్త కూరగాయలు కోస్తూ తలెత్తకుండానే, "పై చేనా? అది ఊరికే ఉంది" అంది. డాక్టరమ్మ పట్టికలో ఆ చేను గడిలో సున్నా వేసింది. సున్నా అంటే వాడకంలో లేని నేల. అదే మాట మొత్తం ముప్పై ఏడుగురు అన్నారు, ముప్పై ఏడు సున్నాలు పడ్డాయి.

ఎదురు చెప్పే అలవాటు కంప్యూటరుకు లేదు. పట్నానికి గోదాములు ఎక్కడ కట్టొచ్చని అడిగితే, ఎవరికీ నష్టం లేదని ఆ సున్నాలన్నిటికీ ఎర్రరంగు పూసి చూపించింది. ఆమె పరిశోధన గైడు మురిసిపోయి ఆ పటాన్ని ప్రణాళికా కార్యాలయానికి పంపించాడు.

థీసిస్ ఇవ్వడానికి వారం ఉందనగా డాక్టరమ్మ అత్త దగ్గరికి వెళ్లింది. పై చేలో విత్తనాలు వేస్తున్నారు. ఊరికే ఉందన్నావుగా అంటే అత్త వింతగా చూసింది.

"మూడేళ్లు పండించాక ఒక ఏడాది ఊరికే ఉంచొద్దూ? దానికీ సత్తువ రావాలి కదే. మనిషి పడుకుంటే పోయాడనుకుంటామా?"

డాక్టరమ్మ వెళ్లి పటం దిద్దాలని గైడుతో చెప్పింది. గైడు పెదవి విరిచాడు, దిద్దితే ఏడాది వెనక్కి పోతావన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. కార్యాలయానికి ఉత్తరం రాస్తే వట్టి మాటలు చాలవు, పటం తెమ్మన్నారు. ముప్పై ఏడు గుమ్మాలూ మళ్లీ ఎక్కి దిగింది. పట్టికలో 'విశ్రాంతిలో ఉంది' అని కొత్త గడి కట్టింది. నాలుగు నెలలు పట్టింది. ముప్పై నాలుగు చేలు ఎరుపు వదిలి పచ్చబడ్డాయి.

ప్రణాళికాధికారి మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూసి, మెచ్చుకున్నాడు.

"ఇది మీ థీసిస్‌లో పెట్టుకోండమ్మా, చాలా బాగుంది. మేం పాతదాని మీద సంతకాలు పెట్టేశాం."

డాక్టరమ్మ వెళ్లేసరికి పై చేను గోదాములకు తీసుకుంటున్నామని అత్తకు నోటీసు అందనే అందింది. తప్పు నాదేనని ఆమె దాచకుండా చెప్పింది. అత్త తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

అత్త నోటీసు మడత పెట్టింది. "పై చేను ఎలాగూ పోయింది. కింద చేనుకి ఈ ఏడాది విశ్రాంతి ఇవ్వాలి. చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. ఇవ్వనా, ఊరికే ఉందని ఎవరూ రాసుకోకుండా ఏదో ఒకటి వేసెయ్యనా?"

డాక్టరమ్మ వేసెయ్యమంది.