గాలిలో బిగించిన బోల్టు

ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమన్న శబ్దాన్ని మొదట విన్నది కారు నడుపుతున్న కూతురు కాదు, పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్న తల్లి. రోడ్డు మీద కనిపించే ప్రతి లారీ తమ కోసమే వస్తున్నట్టు ఉంటుంది ఆమెకు. ఆగి ఉన్న బస్సు మీద కూడా, ఎప్పుడు వెనక్కి వస్తుందోనని, ఒక కన్ను వేసి ఉంచుతుంది. అలాంటి మనిషి చెవిలో పడకుండా కారులో ఏ మూలా ఏదీ మూలగలేదు.

"అదిగో, మళ్ళీ" అంది.

"ఏం లేదమ్మా. రోడ్డు బాలేదు."

"రోడ్డు ఏడాదిగా ఇంతే. శబ్దం మొన్నటి నుంచి."

రెండే సీట్లున్న ఆ పొట్టి ఆకుపచ్చ స్పోర్ట్స్ కారును వీధివాళ్ళు మిడత అంటారు. కూతురు ఆరేళ్ళు ఉద్యోగం చేసి, పాతదే అయినా, సొంతంగా కొనుక్కుంది. ఆఫీసుకు రోజూ అందులోనే పోతుంది. పోయిన ఏడాది నడుములో పూస జరిగి రెండు నెలలు మంచం దిగలేదు. లేచాక డాక్టరు ఒకటే మాట చెప్పాడు. కుదుపులు తగలకూడదు, తగిలితే ఈసారి ఆపరేషనే. కారు అమ్మేయమని చుట్టాలంతా మొదలుపెట్టారు. అందరికన్నా ముందు తల్లే ఆ మాట అంటుందనుకున్నారు. ఆమె అనలేదు. మంచంలో ఉన్నన్నాళ్ళూ పిల్ల కిటికీలోంచి ఆ కారును చూసుకుంటూ పళ్ళ బిగువున వ్యాయామం చేయడం ఆమె కళ్ళారా చూసింది. నడుమూ ఉండాలి, కారూ ఉండాలి. రెంటిలో ఏదీ వదిలేది లేదని అప్పుడే అనుకుంది.

మెకానిక్ షెడ్డులో మేస్త్రి కారును లిఫ్టు మీద పైకెత్తి, పాత బుష్‌లు ఊడదీసి బల్ల మీద పడేశాడు. చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప ఆర్మ్ కారు ఒంటికి కలిసే చోట, బోల్టు చుట్టూ ఉండే రబ్బరు దిమ్మే బుష్. రోడ్డు కొట్టే దెబ్బ మనిషిని చేరేలోపు సగం అదే మింగుతుంది.

"ఎనిమిది నెలలకే పోయాయి మేడమ్. రబ్బరు ఆగదని నేనప్పుడే చెప్పాను" అన్నాడు మేస్త్రి. "ఈసారి ప్లాస్టిక్‌లా గట్టిగా ఉండేవి వేసేద్దాం. పాలీ. రేసులకు పోయేవాళ్ళు ఇవే వేయిస్తారు. స్టీరింగ్ ఎలా మాట వింటుందో చూడండి."

కొత్త రబ్బరువి ఒక డబ్బా, ఎర్రటి పాలీవి ఒక డబ్బా ముందు పెట్టాడు. తల్లి రెండూ తీసి బొటనవేలితో నొక్కి చూసింది.

"దీన్ని నొక్కితే ఇది అణగట్లేదు, నా వేలే నొక్కుకుపోతోంది" అంది ఎర్రదాన్ని పక్కన పెడుతూ.

"నడిపేది మేడమ్ కదమ్మా, మీకెందుకు?"

"దెబ్బ తగిలేది మేడమ్ నడుముకి. ఆ నడుముని కన్నది నేను."

కూతురు ఇబ్బందిగా నవ్వింది. "అమ్మా, ఊరుకో. రబ్బరువి వేస్తే ఏడాదికోసారి ఇదే తంతు. గట్టివైనా నేను మెల్లగా పోతాలే."

కూతురి మెల్లగా ఎంత మెల్లగానో తల్లికి తెలుసు. పాత బుష్‌లను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషను మీద బతికిన మనిషి. చిరిగిన గుడ్డ చేతికిస్తే ఎందుకు చిరిగిందో చెప్పగలదు. ఎడమవైపు బుష్‌లు పక్కపక్కన పెట్టి చూసింది. చీలికలన్నీ ఒకే వాటంగా, మెలిపెట్టి పిండిన గుడ్డ ముడతల్లా ఉన్నాయి.

"ఇవి అరిగి పోలేదు. అరిగితే అన్ని పక్కలా పల్చబడతాయి. వీటిని ఎవరో మెలిపెట్టి ఉంచారు."

"జాకెట్టు కాదమ్మా ఇది" అన్నాడు మేస్త్రి. "అయినా పాలీ అయితే ఆ గొడవే ఉండదు. ఎలా బిగించినా లోపల దానంతటది తిరుగుతుంది."

తల్లి కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "అంటే రబ్బరుది ఎలా పడితే అలా బిగించకూడదన్నమాట."

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు.

"పోయినసారి నేనిక్కడే కూర్చున్నాను బాబూ. కారు పైనే ఉంది. రెక్కలు పట్టుకుని ఎత్తిన కోడికి కాళ్ళు వేలాడినట్టు చక్రాలు వేలాడుతున్నాయి. నువ్వు అలాగే బోల్టులు బిగించేశావు. చెయ్యెత్తిన మనిషికి కొలత తీసి చొక్కా కుడితే, చెయ్యి దించాక చంకలో ఏమవుతుంది? కారు దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలి తిరిగే ఉంది."

కూతురు కొత్త రబ్బరు డబ్బాలోంచి మడత కాగితం బయటికి తీసింది. పోయినసారి డబ్బాలోనూ ఇలాంటిదే ఉంది, ఎవరూ విప్పలేదు. చదివి, మేస్త్రి వైపు చూసింది. "కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు అని రాశారు."

"రాస్తారు. కింద నిలబెడితే అది నేలకు జానెడు ఎత్తు, నా చెయ్యెలా దూరుతుంది? చక్రాల కింద ఏటవాలు దిమ్మెలు, ర్యాంపులు వెయ్యాలి, మెల్లగా ఎక్కించాలి. పూట పోతుంది. నావల్ల కాదు. పాలీ వేయించుకోండి, లేదా బండి తీసుకెళ్ళండి."

తల్లి స్టూలు ఈడ్చుకెళ్ళి లిఫ్టు స్విచ్చుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"రబ్బరువే వేస్తావు. చక్రాల మీద నిలబెట్టి బిగిస్తావు. అప్పటిదాకా నేను లేవను."

ఆమె మనసులో అప్పటికే లిఫ్టు కూలిపోయింది, మేస్త్రి స్పానరు విసిరాడు, పోలీసులు వచ్చారు, పేపర్లో ఫొటో కూడా పడింది. అయినా కదల్లేదు.

"మేడమ్, మీరైనా చెప్పండి. కుట్టుపని చేసేవాళ్ళు నాకు పని నేర్పడమేంటి?"

"నేనూ తప్పు కుట్టానయ్యా" అంది తల్లి. "విప్పి మళ్ళీ కుట్టిచ్చాను. నా కొట్టేం మూతపడలేదు."

కూతురు వచ్చి స్టూలు పక్కన నిలబడింది. "రబ్బరువే మేస్త్రీ. అమ్మ చెప్పినట్టే."

మేస్త్రి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. గొణుక్కుంటూనే రబ్బరు డబ్బా అందుకున్నాడు.

మధ్యాహ్నానికి మిడత నాలుగు ర్యాంపుల మీద నిలబడింది. నడిపే మనిషి బరువు కూడా పడాలని కూతురు సీట్లో కూర్చుంది. మేస్త్రి అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు. కారు అతని మీద పడుతుందేమోనన్న కొత్త భయంతో తల్లి వంగి చూస్తూ, ఒక్కో బోల్టు బిగిసిన చప్పుడుకీ ఒక్కో వేలు ముడిచింది. వేళ్ళు లెక్కకు సరిపోయాకే నడుము ఎత్తింది.

షెడ్డు వెనక గుంతల సందులో రెండుసార్లు తిప్పి చూశారు. శబ్దం లేదు. తల్లి రోడ్డును చూడలేదు, కూతురి మొహాన్నే చూసింది. ఒక్క గుంతకీ ఆ కనుబొమలు ముడిపడలేదు.

తిరిగొచ్చేసరికి మేస్త్రి జాబ్ కార్డు రాసి ఉంచాడు. తల్లి కళ్ళద్దాలు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది. "కస్టమర్ మొండిపట్టు వల్ల రబ్బరువి వేయడమైనది. తర్వాత ఏం జరిగినా మాకు సంబంధం లేదు."

"సంతకం పెట్టండి" అన్నాడు.

"మొండిపట్టు నిజమే, ఉండనీ" అంది. "రెండోది కొట్టెయ్. దాని బదులు, కారు బరువు చక్రాల మీద ఉండగా బిగించాను అని రాసి, ముందు నువ్వు సంతకం పెట్టు."

పెన్ను అతని ముందే పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.