ముందు వరుసలో పోశయ్య

ఆ శుక్రవారం పొద్దున, గల్ఫ్‌లోని అల్ కుసైస్ కూలీల క్యాంపు వెనక ఇసుక మైదానంలో హార్లన్ ఒక కొత్త మనిషిని పరీక్షిస్తున్నాడు. ఎనభై మూడు నవంబరు అది. అమెరికా కంపెనీల ఇంజనీర్లు చలికాలమంతా తమ దేశపు ఫుట్‌బాల్ పోటీలు పెట్టుకునేవారు. కొబ్బరికాయలాంటి బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరిగెత్తుతాడు, అవతలివాళ్లు వాణ్ణి పడగొడతారు. ఆ క్యాంపు కంపెనీకి మేనేజరైన హార్లన్ వయసులో ఉన్నప్పుడు ఆ ఆటను రెండేళ్లు జీతానికి ఆడినవాడు. ఇక్కడ జట్టును నడిపేదీ అతనే.

"ముందు వరుసకు అదనంగా ఒకడు కావాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ చోట నిలబడాలి, అంతే. ఖర్చు మాత్రం పెట్టలేను" అని అతను టైంకీపరు గులాం మొహిద్దీన్‌కు చెప్పాడు. కడప మనిషి మొహిద్దీన్‌కు క్యాంపులో ఎవడి సత్తువ ఎంతో తెలుసు. జగిత్యాల పక్క పల్లెలో కుస్తీలు పట్టి, ఇక్కడ ఇనుప చువ్వలు వంచే పోశయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

హార్లన్ అతని మోకాళ్లు నొక్కి చూశాడు, చువ్వల మోపు ఎత్తించాడు. చివరికి తనే ఎదురు నిలబడి భుజంతో నెట్టాడు. పోశయ్య అంగుళం కదల్లేదు. పరుగు మాత్రం నెమ్మది. కాగితం మీద ఏదో రాసుకుని, "ఏమడుగుతాడు?" అన్నాడు హార్లన్.

మొహిద్దీన్ ఆ మాట తెలుగులో అడిగాడు.

"పైసలద్దు సాబ్. పోయిన ఎండకాలం రెండుసార్లు కండ్లు తిరిగి పడ్డ. స్టోరులకు మారిస్తె చాలు. నీడపట్టున ఉంట."

మొహిద్దీన్ తటపటాయించాడు. షరతు ఉందంటే హార్లన్ ఇంకో కంపెనీలోని పఠాన్ ఎవణ్ణైనా పిలుచుకుంటాడేమో. తను తెచ్చిన మనిషి తీసిపోకూడదు. ముందు జట్టులో చేరనీ, తర్వాత మెల్లగా చెప్పొచ్చు అనుకున్నాడు.

"ఏమీ అడగడు సార్" అన్నాడు ఇంగ్లీషులో.

హార్లన్ అతని భుజం తట్టి, "మంచి బేరం తెచ్చావయ్యా" అన్నాడు. మొహిద్దీన్ పోశయ్య వైపు తిరిగి, "సూద్దామన్యాడులేప్పా" అన్నాడు. పోశయ్య తల ఊపాడు.

ఆ "తర్వాత" రాలేదు. ప్రతి శుక్రవారం పోశయ్య ఎర్ర చొక్కా తొడుక్కుని గీత బయట కూర్చునేవాడు, నీళ్ల డబ్బాలు అందించేవాడు. ఆడని మనిషి కోసం ఏం అడుగుతామని మొహిద్దీన్ వారం వారం వాయిదా వేశాడు.

ఫిబ్రవరిలో, ఆఖరి ఆట సగంలో, ముందు వరుసలోని వెల్డరు కాలు మెలిపడింది. పోశయ్య లోపలికి వెళ్లాడు. అతనికి నేర్పింది ఒక్కటే: నీ ముందున్నవాణ్ణి ఆపు. అవతలి కంపెనీ మనిషి ఎద్దులా ఉన్నాడు, పదకొండు సార్లు దూసుకొచ్చాడు. పదకొండు సార్లూ పోశయ్య ఆపాడు. జట్టు గెలిచింది.

హార్లన్ పొంగిపోతూ మొహిద్దీన్‌ను పట్టుకున్నాడు. "అతనికేం కావాలో ఇప్పుడైనా కనుక్కో!"

"స్టోరులో పని సార్."

హార్లన్ మొహం వాడింది. "నవంబరులోనే అడగాల్సింది. అప్పుడు స్టోరుకు మనిషి కోసం వెతుక్కుంటున్నాం. పోయిన నెల మనీలా నుంచి ఒకణ్ణి తెప్పించాం. ఇప్పుడు ఖాళీ లేదు."

సాయంత్రం మొహిద్దీన్ పోశయ్య గదికి వెళ్లాడు. దెబ్బ తిన్న భుజానికి తోటివాళ్లు కాపడం పెడుతున్నారు. పోశయ్యను బయటికి పిలిచి, జరిగింది దాచకుండా చెప్పాడు.

"నాకెరుకే సాబ్" అన్నాడు పోశయ్య. "నాకు ఇంగ్లీషు రాదు గని, స్టోరు అన్న మాట ఎరుక. ఆ దినం మీ నోట్లకెళ్లి అది రాలే."

"మరి నన్నెందుకు అడగలేదప్పా?"

"ఇయ్యాల గాకుంటె రేపు చెప్తరనుకున్న. పెద్దమనిషిని ఎట్ల నిలదీస్త?"

తిట్టి ఉంటే మొహిద్దీన్‌కు నయంగా ఉండేది. ఆ వారమే హార్లన్ దగ్గరికి మళ్లీ వెళ్లి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు, పోశయ్యకు వంటశాలలోనైనా చోటిమ్మని బతిమాలాడు. హార్లన్ చూస్తానన్నాడు. మే నెలలో హార్లన్‌నే అబుదాబి ప్రాజెక్టుకు మార్చారు. అతని చోట మేనేజరుగా వచ్చిన కొత్త ముదీర్‌కు ఆటా తెలియదు, పోశయ్యా తెలియదు.

జూలైలో పోశయ్య చువ్వల మోపు పక్కన మళ్లీ పడిపోయాడు. ఈసారి రెండు రోజుల దాకా తెలివి రాలేదు. ఎండలో పనికి పనికిరాడని డాక్టరు రాసిచ్చాడు. ఖలాస్, వీసా రద్దయింది.

విమానాశ్రయానికి పోయే వ్యాను దగ్గరికి మొహిద్దీన్ వెళ్లాడు. ఆ ఆట తర్వాత ఐదారు నెలల్లో పోశయ్య సగమైపోయాడు. ఆ భుజాల మీద చొక్కా వేలాడుతోంది. క్షమించమని అడగాలని దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మొహిద్దీన్, తీరా ఎదురుపడ్డాక, "పాస్‌పోర్టు, టిక్కెట్టు భద్రంగా పెట్టుకున్యావా?" అని మాత్రం అడగగలిగాడు.

"ఉన్నయి సాబ్. మీరు నీడకు పోండ్రి" అన్నాడు పోశయ్య, వ్యాను ఎక్కుతూ.