సరళమ్మ నేర్చుకున్న పని

మునగాల దగ్గర ఒక చిన్న సర్కారు దవాఖానలో సరళమ్మ ఇరవై ఏళ్లుగా నర్సు. అక్కడికి కొత్తగా వచ్చిన డాక్టర్ అఖిల్‌కి ఇరవై ఏడేళ్లు, సొంతూరు కోదాడ. గర్భం రాకుండా చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంట్ గురించి సూర్యాపేటలో రెండు రోజుల శిక్షణ పెడితే, ఇద్దర్నీ కలిపి పంపారు.

శిక్షణ ఇచ్చే డాక్టర్ సుమలత మొదటి రోజంతా రబ్బరు చేతుల మీద సాధన చేయించింది. అగ్గిపుల్లంత కడ్డీ అది. పైచేతి లోపలివైపు, చర్మం కిందనే పెట్టాలి. వేలితో తడిమితే తగలాలి. లోతుకు పోతే తీసేటప్పుడు కష్టం. సరళమ్మకు నాలుగోసారికే చేయి కుదిరింది. అఖిల్‌కి ఏడుసార్లు పట్టింది.

రెండో రోజు సుమలత రబ్బరు చేతులన్నీ పక్కన పెట్టించింది.

"పెట్టుడు అయిదు నిమిషాల పని. దానికి ముందు మాట్లాడుడే అసలు పని. జంటలుగ కూసోండి. ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు."

అఖిల్ కుర్చీ ముందుకు జరుపుకుని, నవ్వాపుకుంటూ మొదలుపెట్టాడు. "చెప్పండమ్మా, మీకు ఎంతమంది పిల్లలు?"

"ఇద్దరు."

"ఇంకా కావాలనుకుంటున్నారా? కావాలంటే ఎన్నాళ్లకి?"

ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకుంది సరళమ్మ. అంతలోనే కళ్లు నిండిపోయాయి. అఖిల్ మొహంలో నవ్వు పోయింది.

"నాకు ఇరవై ఏండ్లకే ఆపరేషన్ చేయించిన్రు సార్," అంది నెమ్మదిగా. "ఇద్దరు పుట్టిన్రు, ఇగ చాలన్నది మా అత్త. క్యాంపుకు తోలుకపోయిన్రు. రెండేండ్లకు చిన్నోడు జరమొచ్చి పోయిండు. మళ్ల ఒక్కరు కావాలని మస్తు ఏడ్చిన. ఎట్లయితది? మీరడిగిన మాట గప్పుడు నన్ను ఒక్కరు కూడ అడగలే."

అఖిల్ కుర్చీలోంచి లేచాడు. నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాడు. తాగేదాకా పక్కనే కూర్చున్నాడు. సాయంత్రం బస్సులో తిరిగి వస్తున్నప్పుడు అడిగాడు.

"బాబు పేరేంటమ్మా?"

"కృష్ణ," అంది. ఎన్నో ఏళ్లుగా ఆ పేరు ఆమె ఎవరి ముందూ పలకలేదు. ఆ తర్వాత బస్సు దిగేదాకా వాడి గురించే చెప్పింది.

నెల తిరక్కుండా దగ్గర్లోని తండా నుంచి సుధ అనే అమ్మాయి వచ్చింది. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఆరు నెలలు. మనిషిలో రక్తం లేదు. ఇంప్లాంట్ గురించి సరళమ్మ అన్నీ విడమరిచి చెప్పింది. నెలసరి గాడి తప్పొచ్చనీ, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు తీస్తామనీ కూడా చెప్పింది. సుధ సరేనన్నాకే కడ్డీ పెట్టింది. శిక్షణ తర్వాత ఆమె పెట్టిన మొదటిది అదే.

నాలుగు నెలల తర్వాత సుధ మళ్లీ వచ్చింది, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో.

"నెలల పది పన్నెండు రోజులు నెత్తురు కనబడుతనే ఉంటది మేడం. మా అత్త వంటింట్లకు రానియ్యదు. నాతోని అయితలేదు. తీసెయ్యండి."

అఖిల్ పరీక్ష చేశాడు. భయపడాల్సిందేమీ లేదన్నాడు. సరళమ్మకు మాత్రం వేరే భయం పట్టుకుంది. ఇప్పుడు తీస్తే ఏడాదిలోపే మళ్లీ కడుపు. ఈ పిల్ల తట్టుకోలేదు. కసిరైనా సరే ఆపాలనిపించింది. కసిరే బదులు సుధ చేయి పట్టుకుంది.

"గోలీలిస్తే తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. తీయాలంటవా, ఇయ్యాలనే తీస్త. నువ్వెట్లంటే అట్ల బిడ్డా."

సుధ ఆమె మొహంలోకి నమ్మలేనట్టు చూసింది. "తియ్యనంటరేమోనని దారిపొడుగుత ఏడ్చుకుంట వచ్చిన." కొంగుతో మొహం తుడుచుకుంది. "తీస్తమంటున్నరు గదా. గోలీలియ్యండి, ఇంకో నెల సూస్త."

నెల గడిచినా తగ్గలేదు. సరళమ్మ మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి, వేలితో మెల్లగా నెట్టింది. తెల్లటి కొన బయటికొచ్చింది. పట్టుకారుతో లాగి చూపించింది.

"గింతదేనా! దీనికా నేను గంత పరేషానయిన!" సుధ పకపకా నవ్వింది. గర్భం రాకుండా మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటి వేసుకునే మాత్రలు తనే అడిగి తీసుకుని వెళ్లింది.

ఆ మధ్యాహ్నం సరళమ్మకు అన్నం సయించలేదు. "మొదటిది నిలవకపాయె సార్," అంది.

"తీసింది కూడా చక్కగానే తీశారుగా," అన్నాడు అఖిల్.

పది రోజులకు సుధ తన తోటికోడలు లక్ష్మీబాయిని వెంటబెట్టుకుని వచ్చింది. లక్ష్మీబాయి తనకూ ఇంప్లాంట్ కావాలంది.

"సుధకు పడలేదు గదా. నీకు భయమైతలేదా?" అడిగింది సరళమ్మ.

"నాకు పడకపోతే నువ్వే తీస్తవట గద మేడం. మా సుధ తండల అందరికి చెప్పింది."

సుధ సిగ్గుపడి పిల్లనెత్తుకుని వరండాలోకి వెళ్లిపోయింది. సరళమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని, ముందు మాట్లాడడానికి లక్ష్మీబాయి పక్కన తీరిగ్గా కూర్చుంది.