నూట తొంభై మస్టర్లు

నా ఆటకు వచ్చిన మొదటి వంద రివ్యూల్లో అరవై రెండు తిట్లే. నేను ఊరుకునే రకాన్ని కాదు, ఒక్కొక్కరికీ జవాబు రాశాను. "మూడో రోజుకే విసుగొచ్చింది" అన్నవాడికి "మీకు ఓపిక లేకపోతే ఆటేం చేస్తుంది" అని రాస్తే, వాడు ఇచ్చిన రెండు స్టార్లలో ఒకటి వెనక్కి తీసుకున్నాడు.

ఆట పేరు 'బొగ్గు బాయి', అంటే బొగ్గు గని. ఫోన్ పక్కన పడేసినా దానంతట అదే నడుస్తుంది. బదిలీ వర్కర్, అంటే ఇంకా పర్మనెంట్ కాని కార్మికుడు ఒకడు గనిలోకి దిగి బొగ్గు నింపుతుంటాడు. మనం అప్పుడప్పుడు వచ్చి వాడికి మంచి పనిముట్లు కొనిస్తుంటే చాలు. నూట తొంభై మస్టర్లు, అంటే నూట తొంభై రోజుల హాజరు పడితే వాడు పర్మనెంట్ అవుతాడు, గనిలో ఇంకా లోపలికి దారి తెరుచుకుంటుంది. ఆటలో ఏడాది అంటే మనకు వారం. ఆ లోపు పడకపోతే లెక్క సున్నాకొస్తుంది.

బొగ్గు గనుల భూపాలపల్లిలో పుట్టినదాన్ని, ఆ సంఖ్య ఇంకోటి పెట్టాలని నాకు తోచనే లేదు. మా బాపు మల్లేశం బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్‌గా చేరి, ఆ నూట తొంభై పూర్తి చేసే పర్మనెంట్ అయ్యాడు.

హైదరాబాద్‌లో ఆటలు విడుదల చేసే కంపెనీ మనిషి సాకేత్ ఫోన్లో సూటిగా చెప్పాడు. "వందమంది డౌన్‌లోడ్ చేసుకుంటే ఏడో రోజుకి పదిమందైనా తెరవాలి మేఘనా. మీ ఆట తెరిచేది ముగ్గురు. ఇరవై రోజులు చూసి, తీసుకుంటామో లేదో చెప్తాం." అతను కాదంటే ఒకటో తారీఖు నుంచి హనుమకొండలో గ్రూప్స్ కోచింగ్‌కు పోవాలి. బాపుకు నేనిచ్చిన మాట అది.

తిట్లన్నీ మళ్లీ చదివాను, ఈసారి నోరు మూసుకుని. సగం మంది నలభై, యాభై మస్టర్ల మధ్య వదిలేస్తున్నారు. "నూట తొంభైలో నలభై ఐదు. మిగిలింది చూస్తేనే నీరసమొస్తోంది" అని ఒకరు. "వారమంతా ఆడాక సున్నా చేశారు. మళ్లీ ఎందుకు ఆడాలి?" అని ఇంకొకరు. నూట తొంభైని యాభై చేస్తే గొడవే ఉండదు. నాకు మనసు రాలేదు. బాపు కష్టంలోంచి నూట నలభై రోజులు కొట్టేసినట్టు అనిపించింది.

చివరికి బాపు చేతికే ఫోనిచ్చి ఆడమన్నాను. రెండు రోజులు బుద్ధిగా ఆడాడు. మూడో రోజు మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చి, అన్నం తిని, ఫోన్ నా ముందు పెట్టేశాడు.

"గిదేంది బిడ్డా, గింత సప్పగున్నది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీ బతుకే గదా బాపు గిది! నూట తొంభై నేను పెట్టిన్నా?"

"నూట తొంభై అని ఎవడు సూశిండే? గంత లెక్క ముంగటేసుకుంటే బాయి దిగబుద్ధి గాదు. నెలకు పదహారు, గంతే. పదహారు పడ్డనాడు నలుగురం క్యాంటీన్ల కూసొని మిర్చీలు తినేటోల్లం. ఒకటో తారీకు మల్ల ఒకటి."

పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు. ఇంత చదివి నాకు ఆ ముక్క తట్టలేదు.

"మరి ఆఖర్ల పోతేనో? నూట ఎనభై కాడ పోతే మల్ల ఎవలొస్తరు?" అనడిగాను.

వంటింట్లోంచి మా అమ్మ శ్రీలత అంది. "మీ బాపు మల్ల పోయిండు. ఆయనది నూట ఎనభై ఏడు కాడ పోయింది."

"ఎట్ల?"

"నువ్వు పుట్టినవ్. నాకు బాగలేక దవాఖానల ఏసిన్రు. డిసెంబర్ ఆఖరు వారం. మూడు మస్టర్లే తక్కువ. ఎంత జెప్పినా నన్ను ఇడిశి కదల్లే."

ఇరవై మూడేళ్లుగా ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఏడుస్తవేందే?" అన్నాడు బాపు. "రెండో ఏడు అల్కగనే అయింది. పైకప్పు సప్పుడు ఇంటే ఏడ కూలుతదో తెలిసేది. తట్ట ఎత్తుడు అలవాటైంది. లెక్క సున్నా అయింది గని, చేతులు సున్నా కాలే."

ఆ సాయంత్రమే పనిలో కూర్చున్నాను. నూట తొంభైని ముట్టుకోలేదు. దాన్ని నెలకు పదహారుగా విడగొట్టాను. పదహారు పడ్డప్పుడల్లా క్యాంటీన్‌లో మిర్చీల పళ్లెం, బాయిలో ఒక కొత్త తోడు. ఏడాది పోతే లెక్క సున్నాకే వస్తుంది, కానీ నేర్చుకున్న పని చేతిలోనే ఉంటుంది, రెండో ఏడాది వేగంగా సాగుతుంది. తొమ్మిది రోజులు పట్టింది.

ఇరవయ్యో రోజు సాకేత్ ఫోన్ చేశాడు. "తొమ్మిది. చాలా దగ్గరికొచ్చారు మేఘనా, కానీ మా రూల్ పది." ఒక్కటి కోసం ఆపుతారా అని గట్టిగానే పోట్లాడాను. ఫోన్ పెట్టేశాడు.

"ఎంతైంది?" అని బాపు అడిగాడు.

"తొమ్మిది. తీస్కోరట."

"మూడు కాడికెల్లి తొమ్మిదైందా! గా తొమ్మిది మంది ఏమంటున్నరు?"

సాకేత్‌ను తిట్టుకుంటూ ఆ సంగతే చూడలేదు. రివ్యూలు తెరిచి, పైనున్నది బాపుకు చదివి వినిపించాను. "మా నాయిన గూడ బదిలీ ఫిల్లరే. ఆయనది గూడ గిట్లనే పోయింది. నేను రెండో ఏడు దాటించిన. మూడో ఏడు ఎప్పుడు పెడ్తరు?"

బాపు కండువాతో మొహం తుడుచుకుని, ఇంకోసారి చదవమన్నాడు.

మాటిచ్చాను కాబట్టి ఒకటో తారీఖున హనుమకొండ బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మూడో ఏడాది మొదలుపెట్టాను. పరకాల దాటాక ఆ రివ్యూకు జవాబు రాశాను.

"నెల రోజులల్ల పెడ్త. గప్పటిదాక జర చెప్పన్నా, మీ నాయినది ఎన్ని మస్టర్ల కాడ పోయింది?"