వరహాలమ్మ గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. అరబస్తా బియ్యం ఒకేసారి వండిపెట్టగలను. కాకినాడ పాత సంగతులు చూపించే ఈ ప్రదర్శనశాలకు వచ్చినవాళ్లు నా ముందు నిలబడి, "జమీందారు గారి దివాణంలో విందుల గుండిగ" అన్న చీటీ చదువుకుని వెళ్లిపోతారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఏ జమీందారండీ? నేను దివాణం గడప తొక్కిన పాపాన పోలేదు!

నన్ను అజ్జరం కంచరివాళ్లు చేశారు. కొనుక్కున్నది వరహాలమ్మ, ఓడరేవులో బస్తాలు మోసే మనిషి. పొయ్యి ఎక్కించకముందే నా మెడ మీద ఉలితో చుక్కచుక్కగా తన పేరు కొట్టించింది. పేరు లేని గిన్నె పొరుగింటి పెళ్లికి వెళితే తిరిగొస్తుందా మరి? నన్ను ఎత్తే కడియాల్లో ఒకటి ఊడిపోతే ఆమె మొగుడు ఇనప కడియం వేయించాడు. రేవు కూలీలందరికీ మధ్యాహ్నం కూడు నాలోనే ఉడికేది. తుఫానుకు పేట మునిగిన ఏడు, గొప్పవాళ్లు తలుపులు బిగించుకుంటే, ఆవిడ గోదాము అరుగు మీద పొయ్యి పెట్టి పదకొండు రోజులు గంజి కాచింది. ఈ ఊరి చరిత్ర నన్నడిగితే అదీ!

ఆవిడ పోయాక కొడుకు నన్ను పాతసామాన్ల కొట్లో అమ్మేశాడు. అక్కణ్ణుంచి ప్రదర్శనశాల కార్యదర్శి భుజంగరావు గారు తెచ్చారు. చరిత్ర తళతళలాడాలని ఆయన పట్టుదల. నన్ను మెరుగుపెట్టే చక్రానికి అప్పగించారు. మసితో పాటు పేరూ పోయింది. ఇంత పెద్ద గుండిగ కూలివాళ్లకు ఎక్కడిదని ఆయనే తేల్చేసి, చీటీ రాయించారు.

ఇవాళ వరహాలమ్మ కూతురు నూకరత్నం వచ్చింది. ఇనప కడియం చూడగానే నన్ను గుర్తుపట్టింది.

"ఇది మా అమ్మదండి. మెడ మీద పేరుంటది సూడండి" అంటూ తడిమింది. వేళ్లు నున్నగా జారిపోయాయి. ఆవిడ మొహం చూడలేకపోయాను.

"గుండిగ నాకొద్దండి, ఇక్కడే ఉంచుకోండి. మా అమ్మ పేరెయ్యండి, సాలు. రేపు నా మనవరాలి బడి పిల్లలు సూడ్డానికొత్తన్నారు. జమీందారుదని సదువుకుంటదండి అది!"

"రుజువు తీసుకురామ్మా, అప్పుడు చూద్దాం" అన్నారు భుజంగరావు గారు, తన గదివైపు వెళ్లిపోతూ.

రుజువు చెరిపించిన మనిషే రుజువు అడిగారు! నోరుంటే కడిగిపారేసేదాన్ని.

నూకరత్నం నా పీట అంచున ఉన్న చీటీ వైపు వంగింది. చీటీ కొట్టిన మేకు వదులుగా ఉంటే పట్టి లాగేసింది. చీటీ కింద పడింది. పక్క బల్ల మీద పాత కిరాణా కొట్టు తూకంరాయి ఉంటే అందుకుంది. మేకు నా మెడకు ఆనించి ఠంగున ఒక్కటి వేసింది. హాలంతా ఉలిక్కిపడింది.

"ఏవమ్మా, పాత వస్తువు! పాడైపోతుంది!" అని కార్యదర్శి పరిగెత్తుకొచ్చారు.

"పాడుసేసింది మీరండి. నేను బాగుసేత్తన్నాను" అంది ఆవిడ తలెత్తకుండానే.

ఇంకో దెబ్బ, ఇంకో చుక్క. అక్షరం వంకరగా వస్తోంది. రానీ. కొట్టు తల్లీ, ఇంకా గట్టిగా కొట్టు. ఈసారి ఏ చక్రానికీ అందనంత లోతుగా దిగాలి.