వానకు తడవని బోర్డు

నేను ఒక రేకు బోర్డును. ఇప్పుడు నా వీపు మీద పాత చీర ముక్క పరిచి, ఈ ఇంటి కోడలు అండాలు తడి చేత్తో ఒక్కో వడియం పెడుతోంది. నా ముఖం కింద అరుగుకు ఆని ఉంది. కొన్నేళ్లుగా నేను చూస్తున్న లోకం ఆ అరుగే.

నన్ను నల్గొండలో ఒక పెయింటర్ రెండు రోజులు కూర్చుని రాశాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఈ ఊరికి దూరదేశపు సంస్థ ఒకటి నీళ్లు శుద్ధిచేసే యంత్రం ఇచ్చింది. ఎవరిచ్చారు, ఎలా వాడాలి, చెడితే ఎవరిని అడగాలి, ఇదంతా ఊరందరికీ తెలియాలని వాళ్ల షరతు. అందుకే నన్ను తెలుగులో రాయించారు. యంత్రం కంటే నేనే ముఖ్యమని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

యంత్రం గది గోడకు నేను ఉన్నది ఒక్క పూటే. ప్రారంభం నాడు నాకు పసుపు కుంకుమ పెట్టారు, దండ వేశారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. చదివినవాళ్లు లేరు. సాయంత్రం మబ్బు పట్టింది. నా అడుగున తన పేరుందని అప్పటి సర్పంచ్ పాపయ్యకు ఎవరో చెప్పారు. ఆ పేరు వానకు చెరిగిపోతుందని ఆయన నన్ను ఊడదీయించి ఇంటికి తెచ్చుకున్నాడు. సంతకం చేయడం తప్ప ఆయనకు చదువు రాదు. పదవి ఉన్నన్నాళ్లు గోనెసంచిలో చుట్టి అటక మీద దాచాడు. పదవి పోయాక ఆయన భార్య నన్ను దించి వడియాలకు వాడుకుంది. ఈ మధ్య ఆమె చనిపోయింది. ఆ పని కోడలు అండాలుకు వచ్చింది.

కాపురానికి వచ్చిన కొత్తలో అండాలు తాగడానికి వాననీళ్లు పట్టి ఉంచేది. అది పుట్టింటి అలవాటు. తాను తెచ్చిన యంత్రం ఉండగా తన ఇంట్లోనే వాననీళ్లు తాగితే ఊరు నవ్వుతుందన్నాడు పాపయ్య. ఆమె మానుకుంది. కూతురు మల్లిక ఆ యంత్రం నీళ్లతోనే పెరిగింది. ఐదో ఏట మోకాళ్లు లోపలికి వంగాయి. దిష్టి తగిలిందన్నారు. బలం లేదన్నారు. నీళ్లను ఎవరూ అనుమానించలేదు.

చినుకులు మొదలయ్యాయి. అండాలు వడియాలను గుడ్డతో సహా ఎత్తి లోపల పెట్టి వచ్చి, నన్ను గోడకు నిలబెట్టింది. జల్లు నా ముఖం మీది మట్టిని కడిగింది. ఆమె తడుస్తూనే చదివింది.

తర్వాత నా మీది నంబరుకు ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. పథకం ముగిసి రెండేళ్లయిందట. ఐదేళ్లపాటు మీ ఊరి వడపోత మందు గోదాములోనే ఉందట. మీ ఊరి నుంచి ఒక్క ఫోనూ రాలేదు కనుక, యంత్రం బాగా నడిచిన ఊళ్ల జాబితాలో రాశారట.

అండాలు నన్ను వసారాలోకి మోసుకొచ్చి పాపయ్య ముందు నిలబెట్టింది.

"మామా, ఇది ఎవరితోనన్న సదివించినవా?"

"ఎందుకు బిడ్డా? పాణం లెక్క దాసిన దాన్ని."

"ఏం రాసున్నదో ఎరుకేనా?"

"నా పేరున్నది."

"నీ పేరుకు పైన ఉన్నది సదువుతా, ఇను."

బడిపిల్లలా అక్షరం అక్షరం చదివింది. వడపోత మందును ఆరు నెలలకొకసారి మార్చాలి. మార్చకపోతే నీళ్లు తేటగానే కనబడతాయి కానీ ఫ్లోరైడ్ పోదు. కొత్త మందు ఉచితం, ఈ నంబరుకు చెప్పండి. రెండో వాక్యం మళ్లీ చదివింది.

పాపయ్య చేతిలో బీడీ ఆరిపోయింది. "మరి ఫోన్ చెయ్యరాదా బిడ్డా," అన్నాడు.

"చేసిన మామా. రెండేండ్ల కిందనే బందైందంట."

తాతకు దాహమైందనుకుందో ఏమో, మల్లిక లోపలి నుంచి గ్లాసెడు నీళ్లు తెచ్చింది. గోడ పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా నడిచి వచ్చింది. పాపయ్య గ్లాసు వైపు చూశాడు. మోకాళ్ల వైపు చూశాడు. చెయ్యి చాచలేదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటి వానలోకి వెళ్లిపోయాడు.